ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టకండి: ఆన్‌లైన్ సమూహాలకు వేదికలు నడిపే సంస్థలకు బహిరంగ లేఖ

ఆన్‌లైన్ సమూహాలకు వేదికలు నడుపుతున్న సంస్థల యాజమాన్యాలకు, వాటిలో పోస్టుల పరిశీలన విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

మేము నలుగురం. జీతభత్యాలేమీ లేకుండా తొమ్మిదేళ్లపాటు ఒక ఆన్‌లైన్ గ్రూపును నడిపిన అడ్మిన్లం. ఆ గ్రూపులో సభ్యులు మూడు పనులు చేసేవారు. ఎన్నికల మీద, చట్టాల మీద, ప్రభుత్వాల నిర్ణయాల మీద తమ అభిప్రాయాలు చెప్పుకునేవారు. ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్న జోలపాటలు, పనిపాటలు, శోకాలు ఫోనులో రికార్డు చేసి పెట్టేవారు. గ్యాస్ లీకైతే ముందు ఏం చేయాలి, కాలిన చోట ఏం రాయకూడదు, ఓటీపీ అడుగుతూ ఫోను వస్తే ఏం చెప్పాలి అన్న జాగ్రత్తలు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఈ మూడింటినీ వేరు చేయమని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మాకూ ఆ అవసరం కనిపించలేదు. పాట కోసం వచ్చిన మనిషి పక్కనే ఉన్న జాగ్రత్త చదివి వెళ్లేవాడు. రాజకీయాల్లో మా అందరితోనూ విభేదించే పెద్దమనిషి ఒకాయన విద్యుత్ పనిలో అనుభవజ్ఞుడు కావడం వల్ల, ఆయన చెప్పిన జాగ్రత్తలను ఆయన ప్రత్యర్థులే అందరికంటే ముందు పాటించేవారు.

ఆ గ్రూపు ఇప్పుడు లేదు. ఆరు నెలల కిందట ఒక పన్ను పెంపు మీద చర్చ వేడెక్కినప్పుడు, ఒక సభ్యురాలు తన అభిప్రాయానికి తోడుగా తన అమ్మమ్మ పాడిన ఒక పాత పనిపాటను పెట్టారు. పన్ను వసూలుకు వచ్చినవాణ్ని పనిలో ఉన్న ఆడవాళ్లు ఎగతాళి చేసే పాట అది. పల్లవి చివర ‘వాడి దుంప తెగ’ అని వస్తుంది. తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన ఎవరికైనా అది విసుగులోనో ముద్దులోనో దొర్లే మాట అని తెలుసు. అల్లరి చేసే పసివాణ్ని కన్నతల్లి కూడా ఆ మాటే అంటుంది. పాటను, దాని కింద రాసిన సాహిత్యాన్ని మొదట తొలగించారు. గంట తిరగకముందే గ్రూపు మొత్తం మూతపడింది. మాకు వచ్చిన రెండు వాక్యాల నోటీసులో ‘హింసను ప్రేరేపించడం’ అన్న కారణం తప్ప, ఏ పోస్టు గురించి, ఏ మాట గురించి అన్న వివరం ఒక్కటీ లేదు. జరిగిన వరుసను బట్టి ఆ పాటే కారణమని మేము అనుకోవలసి వచ్చింది.

మేము నాలుగుసార్లు విన్నపం పంపాం. మొదటి రెండింటికి యంత్రం రాసిన ఒకే జవాబు వచ్చింది, మూడోదానికి ‘ఈ నిర్ణయం అంతిమం’ అని వచ్చింది, నాలుగోదానికి జవాబే రాలేదు. పాట అర్థాన్ని వాక్యం వాక్యంగా విడమరిచి రాసిన మా వివరణను మనిషన్నవారు ఎవరైనా చదివారని నమ్మడానికి మాకు ఒక్క ఆధారం కూడా దొరకలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క సంస్థతో మాకున్న తగవు మాత్రమే అయితే ఇంత రాయనవసరం ఉండేది కాదు. ఇదే పద్ధతిలో పనిచేస్తున్న సంస్థలన్నింటికీ ఈ మాటలు వర్తిస్తాయన్న నమ్మకంతో రాస్తున్నాం.

అసలు విషయంలోకి వెళ్లే ముందు మీ వైపు న్యాయాన్ని ఒప్పుకోవాలి. పరిశీలన అక్కర్లేదని మేము అనడం లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు ఫోను నుంచి ఫోనుకు పాకి 2018లో అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ తర్వాతే వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వార్డు చేయడానికి వీల్లేకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా చేసి, అలాంటి ఫార్వార్డులు 70 శాతం తగ్గాయని ప్రకటించింది. అదే 2020లో, మద్యం తాగితే కరోనా పోతుందన్న పుకారు నమ్మి ఇరాన్‌లో వందల మంది మిథనాల్ అనే విషం కలిసిన సారాతో చనిపోయారు. తప్పుడు మాట మనుషుల్ని చంపగలదని మాకు తెలుసు. మా గ్రూపులో కూడా గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలన్న తప్పుడు చిట్కా ఒకటి రెండు రోజులు నిలిచిపోయింది, దానికి బాధ్యత మాదే. ఒక వైద్యురాలు ఎత్తిచూపాక దాన్ని తీసేసి, ఎందుకు తీశామో అదే చోట రాశాం. తొలగించినవారు కారణం చెప్పడం, ఎవరైనా ప్రశ్నిస్తే జవాబివ్వడం అనే ఆ చిన్న మర్యాదనే ఇప్పుడు మేము మీ నుంచి కోరుతున్నాం.

ఇలాంటి మూసివేతల వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా చెబుతాం.

1. అన్నిటికంటే ముందు పోయేది జాగ్రత్త. మా గ్రూపు మూతపడిన రెండో వారంలో, ఒక సభ్యురాలి బిడ్డ మీద వేడినీళ్లు ఒలికాయి. కాలిన గాయాల గురించి మా దగ్గర ఒక నోటు ఉండేది: నడుస్తున్న చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి, ఐసు పెట్టకండి, టూత్‌పేస్టు, నూనె, వెన్న రాయకండి, అంటుకున్న బట్టను లాగకండి. ఆ తల్లి ఆ నోటు కోసమే ఫోను తెరిచారు. అది లేదు. ఎవరో పంపిన ఫార్వార్డులో చెప్పినట్టు టూత్‌పేస్టు రాసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బిడ్డ కోలుకుంది, కానీ గాయం మీద ఎండిపోయిన పేస్టును కడగడానికి పట్టిన సమయమంతా ఆ పాప ఏడుస్తూనే ఉందని ఆ తల్లి మాకు చెప్పినప్పుడు మా దగ్గర జవాబు లేకపోయింది. మీరు మంచి మాటను తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, చెడ్డ చిట్కా వచ్చి అక్కడ కూర్చుంటుంది.

జాగ్రత్తలు చెప్పడమంటే అందరికీ తెలిసిన మాటలే మళ్లీ చెప్పడమని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. వంటగ్యాస్ గాలికంటే బరువైనదనీ, అది నేలబారుగా పరుచుకుంటుందనీ, వాసన వచ్చినప్పుడు స్విచ్చి వేయడమే కాదు, వేసి ఉన్న స్విచ్చి ఆర్పడం కూడా ప్రమాదమేననీ చదువుకున్న ఇళ్లలోనే చాలామందికి తెలియదు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా నిలబడ్డ మనిషిని పడదోస్తుందనీ, 60 సెంటీమీటర్లుంటే చాలా వాహనాలను కొట్టుకుపోతుందనీ అమెరికా జాతీయ వాతావరణ సేవ ఏళ్లుగా చెబుతున్నా, మోకాలి లోతు కూడా లేదు కదా అని దిగేవాళ్లు ఇంకా దిగుతూనే ఉన్నారు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలన్న సంగతీ అంతే. పాము కరిచిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, బిగించి కట్టు కట్టకూడదు అన్న మూడు మాటలు మా గ్రూపులో ఎన్నిసార్లు చెప్పవలసి వచ్చిందో లెక్కలేదు. భూకంపం వస్తే బల్ల కింద దూరకుండా దాని పక్కన ముడుచుకోవాలని చెప్పే ‘జీవ త్రికోణం’ చిట్కా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. వంగి, బల్ల కిందికి చేరి, దాన్ని గట్టిగా పట్టుకోవాలని నిపుణులు చెప్పే మాట మాత్రం దాని వెనకాల కుంటుకుంటూ వస్తోంది. ఈ పరుగులో మంచి మాటకు నమ్మకమైన మనుషుల నోరు కావాలి. సర్కారు ప్రకటన వినని మనిషి, తనకు పాట పంపిన స్నేహితుడు చెబితే వింటాడు. అలాంటి నమ్మకం కుదరడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది.

2. పాట పోతే తిరిగి రాదు. ఇది మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే సంగతి, అందుకే దీనిమీద కాస్త ఎక్కువ చెబుతాం. జానపదానికి రాసిన కాగితం ఉండదు, అది పాడే మనిషి గొంతులో ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో బార్తోక్, కొడాయ్ అనే ఇద్దరు హంగేరీ స్వరకర్తలు మైనపు గొట్టాల మీద శబ్దం పట్టే యంత్రాన్ని మోసుకుని పల్లెపల్లెకూ ఎందుకు తిరిగారు, 1933లో జానపదాలు సేకరించే జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ బరువైన రికార్డింగు యంత్రాన్ని కారులో వేసుకుని అమెరికా దక్షిణాది జైళ్ల దాకా ఎందుకు వెళ్లారు అంటే, ఆ పాటలు పాడేవాళ్లతోనే పోతాయని వాళ్లకు తెలుసు కనుక. ఈనాడు ఆ పనిని మనవలూ మనవరాళ్లూ తమ ఫోన్లతో చేస్తున్నారు, తీసుకొచ్చి మీ దగ్గర దాస్తున్నారు. మీరు మాకు పెట్టె ఇచ్చారు, మేము అందులో మా అవ్వల గొంతులు పెట్టాం. తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంది.

ఆ పెట్టె ఎంత నమ్మదగినదో చరిత్ర చెబుతోంది. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన సంగీతమంతా సర్వర్లు మార్చేటప్పుడు పోయిందని మైస్పేస్ సంస్థ ఒప్పుకున్నట్టు 2019లో లోకానికి తెలిసింది. పోయిన పాటలు సుమారు 5 కోట్లు. వాటిలో దాదాపు 4 లక్షల 90 వేల పాటలు తిరిగి దొరికాయి. సంస్థ జాగ్రత్త వల్ల కాదు, ఎవరో పరిశోధకులు తమ అవసరం కోసం అంతకుముందు ఒక ప్రతి తీసుకుని ఉంచుకున్నందువల్ల. ఒకప్పటి సామాజిక మాధ్యమం ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. 2001లో మొదలైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. పాత పోస్టులు, ఫైళ్లు అంతకుముందే తీసేశారు. వ్యాపారం నడవనప్పుడు మూసేసే హక్కు సంస్థలకు ఉంటుంది. అయినా ఆ మూడు చోట్లా ముందుగా చెప్పి, దాచుకునే గడువు ఇవ్వవలసిన అవసరం ఎంతటిదో తెలిసొచ్చింది. మాకు ఒక్క రోజు గడువు కూడా ఇవ్వలేదు. మా గ్రూపులో పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల పాట మళ్లీ పాడించడం ఎవరి తరమూ కాదు.

3. పాటకు యజమాని లేడన్న సంగతి మీ యంత్రానికి తెలియదు. జానపదం ఏ ఒక్కరిదీ కాదు, కానీ దాన్ని ఒక కంపెనీ రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీద ఆ కంపెనీకి హక్కు వస్తుంది. అంతవరకు న్యాయమే. అయితే యంత్రం రికార్డింగుకూ పాటకూ తేడా చూడలేక, ఇంట్లో కూర్చుని పాడిన ముసలమ్మను దొంగను చేస్తుంది. 2018 సెప్టెంబరులో ఒక పియానో కళాకారుడు తన ఇంట్లో తాను వాయించిన జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని పెడితే, అందులో 47 సెకన్లు తమదని ఒక పెద్ద సంగీత కంపెనీ పేరిట యంత్రం అడ్డుపడింది. బాఖ్ చనిపోయింది 1750లో. 2018 జనవరిలో, పది గంటల పాటు కేవలం యంత్రం చేసే హోరు తప్ప మరేమీ లేని ఒక వీడియో మీద ఐదు కాపీరైటు దావాలు వచ్చాయి. ఆ ఇద్దరికీ మాట్లాడటానికి వేదిక, వినడానికి పత్రికలు ఉన్నాయి కనుక వాళ్ల గోడు బయటికి వచ్చింది. మా సభ్యుల్లో ఎంతోమందికి కాపీరైటు నోటీసు చూస్తేనే పోలీసులు వస్తారేమోనన్న భయం. వాళ్లు మారుమాట్లాడకుండా తమ పాటను తామే తీసేసుకున్నారు. అలా తీసేసిన పాటలు మీ లెక్కల్లో ఎక్కడా కనిపించవు.

4. మాట తెలియని చోట తీర్పు చెప్పడం. 2017లో ఒక పాలస్తీనా కూలీ తాను పనిచేసే చోట యంత్రం పక్కన నిలబడి ఫొటో దిగి, అరబ్బీలో శుభోదయం అన్న అర్థం వచ్చే మాట రాశాడు. యంత్రానువాదం దాన్ని హీబ్రూలో ‘వాళ్ల మీద దాడి చేయండి’ అని మార్చింది. పోలీసులు అతన్ని పట్టుకెళ్లి, గంటల తరబడి ప్రశ్నించాక వదిలిపెట్టారు. అరబ్బీ చదవగలిగిన ఒక్క మనిషి ముందుగా చూసి ఉంటే ఆ రోజు అతను మామూలుగా పని చేసుకుని ఇంటికి వెళ్లేవాడు. భాష రాని పరిశీలన రెండో వైపు కూడా ప్రాణాలు తీస్తుంది. మియన్మార్‌లో ద్వేషం కట్టలు తెంచుకోబోతున్న కాలంలో, 2015 మొదట్లో, ఫేస్‌బుక్‌లో బర్మీ భాష పోస్టులను పరిశీలించగలిగినవారు ఇద్దరే ఉండేవారని రాయిటర్స్ వార్తా సంస్థ 2018లో రాసింది. తాము చేయవలసినంత చేయలేదని ఫేస్‌బుక్ సంస్థే ఆ ఏడాది నవంబరులో ఒప్పుకుంది. ఈలోగా 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు దేశం వదిలి పారిపోయారు. అంటే, భాష రానివాడు శుభోదయాన్ని నేరమనుకుంటాడు, నిజమైన నేరాన్ని గుర్తించలేకపోతాడు. ‘దుంప తెగ’ అన్న మాటను తొలగించిన యంత్రమే, మా భాషలో నాగరికమైన మాటలతో ఒక వర్గం మీద విషం చిమ్మిన పోస్టులను మేము ఫిర్యాదు చేసినా ‘మా నియమాలకు విరుద్ధంగా లేదు’ అని అలాగే ఉంచింది.

5. రాజకీయం మాట్లాడితేనే గదా ఈ తలనొప్పులు, అది మానేసి పాటలూ చిట్కాలూ పెట్టుకోండి అని మాకు కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. మంచి మనసుతో చెప్పిన మాటే, కానీ అది కుదరని పని. 1988లో, సోవియట్ పాలనలో ఉన్న ఎస్టోనియా ప్రజలు తమ నిషిద్ధ గీతాలను మైదానాల్లో కలిసి పాడటం మొదలుపెట్టారు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చేదాకా సాగిన ఆ ఉద్యమానికి ‘పాడే విప్లవం’ అనే పేరు వచ్చింది. చిలీలో 1973 సెప్టెంబరులో సైనిక కుట్ర జరిగిన కొద్ది రోజులకే గాయకుడు విక్తోర్ హారాను చంపారు. ఆయన చేతిలో ఉన్నది గిటారు. పనిపాటల్లో ఎన్నో యజమాని మీద, పన్ను మీద, యుద్ధానికి తీసుకుపోయినవాడి మీద కట్టినవే. రాజకీయం వద్దంటే ఆ పాటలూ వద్దన్నట్టే. జాగ్రత్తల సంగతి కూడా అంతే. 2007 చివర జరిగిన ఎన్నికల తర్వాత కెన్యాలో హింస రేగినప్పుడు, ఎక్కడ దాడి జరుగుతోందో జనం ఎస్సెమ్మెస్‌ల ద్వారా చెబితే మ్యాపు మీద గుర్తించే ఉషాహిది అనే వేదిక 2008 జనవరిలో పుట్టింది. స్వాహిలీలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం. రెండేళ్లకు హైతీలో భూకంపం వచ్చినప్పుడు అదే వేదిక శిథిలాల కింద ఉన్నవాళ్ల సమాచారానికి అక్కరకొచ్చింది. ఆ కెన్యా సందేశాలు రాజకీయమా, క్షేమ సమాచారమా? ‘ఈ వంతెన కూలేలా ఉంది, వెళ్లకండి’ అన్నది జాగ్రత్త; ‘దీన్ని మూడేళ్లుగా ఎందుకు బాగుచేయలేదు’ అన్నది రాజకీయం. మనిషి ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అంటాడు.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 19వ అధికరణంలో అభిప్రాయానికి, 27వ అధికరణంలో తన సమాజపు సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకోవడానికి, 3వ అధికరణంలో ప్రాణానికీ భద్రతకూ ప్రతి మనిషికీ హక్కు ఉందని చెప్పింది. మా గ్రూపు సభ్యులెవరూ ఆ ప్రకటన చదివి చేరలేదు. కానీ ఆ మూడు హక్కులనూ వాళ్లు తమంతట తాము ఒక్క చోట వాడుకున్నారు, ఒక్క నిమిషంలో మూడూ పోగొట్టుకున్నారు.

మేము కోరుతున్నవి ఇవి.

1. తొలగించిన ప్రతి పోస్టుకూ కారణం చెప్పండి. ఏ పోస్టు, అందులో ఏ మాట, మీ నియమాల్లో ఏ నియమం, నిర్ణయం చేసింది యంత్రమా మనిషా అన్నవి పోస్టు రాసిన భాషలోనే చెప్పండి. ఇది మా సొంత ఊహ కాదు. యూరప్ యూనియన్‌లో 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం 17వ అధికరణం ఇలాంటి కారణ ప్రకటనను తప్పనిసరి చేసింది. పౌర సంస్థలు, పరిశోధకులు కలిసి 2018లో ప్రకటించిన శాంటా క్లారా సూత్రాలు కూడా లెక్కలు చెప్పడం, నోటీసు ఇవ్వడం, అప్పీలు వినడం అనే మూడింటినే అడిగాయి. ఒక ఖండంలో చేయగలిగిన పనిని మిగతా ఖండాల్లో చేయకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ మాకు కనిపించడం లేదు.

2. అప్పీలును ఆ భాష తెలిసిన మనిషి వినాలి. అదే యూరప్ చట్టం 20వ అధికరణం, ఫిర్యాదుల మీద నిర్ణయాలు పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదని, అర్హులైన సిబ్బంది పర్యవేక్షణలో జరగాలని అంటోంది. భారతదేశపు 2021 ఐటీ నియమాలు ఫిర్యాదు అందిందని 24 గంటల్లో తెలపాలని, 15 రోజుల్లో పరిష్కరించాలని మొదట గడువు పెట్టాయి. ఆ గడువులో యంత్రం రాసిన ఒకే వాక్యాన్ని మళ్లీ పంపడం పరిష్కారం అనిపించుకోదు. భాష తెలిసినవారు అంటే నిఘంటువు చూడగలిగినవారు కాదు; తిట్టుకూ దీవెనకూ తేడా చెవితో పట్టగలిగినవారు. ఎన్ని భాషల్లో ఎంతమంది పరిశీలకులు ఉన్నారో ఏటా భాషలవారీగా ప్రకటించండి.

3. ఒక పోస్టు తప్పయితే ఆ పోస్టునే తీయండి. ఒక మనిషి పదేపదే తప్పు చేస్తే ఆ మనిషిని ఆపండి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు గ్రూపు మొత్తాన్ని మూసేయడం అన్ని మార్గాలూ అయిపోయాక వాడే చివరి మార్గం కావాలి. అప్పుడు కూడా అడ్మిన్లకు ముందుగా చెప్పి, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వాలి. గ్రూపు నడపడమే నేరానికి సంబంధించినదైతే తప్ప ఈ వ్యవధి తగ్గించకూడదు.

4. గ్రూపు మూసినా, ఖాతా ఆపినా, అందులో సభ్యులు పెట్టిన రికార్డింగులను, రాతలను కనీసం ఆరు నెలల పాటు చెరపకుండా ఉంచి, ఎవరివి వాళ్లు దించుకునే వీలు కల్పించండి. 2003లో యునెస్కో ఆమోదించి, 2006 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చిన అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ ఒప్పందం మౌఖిక సంప్రదాయాలను కాపాడే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. ఆ వారసత్వం ఇప్పుడు చాలామటుకు మీ సర్వర్లలో ఉంది. అందుచేత ఆ బాధ్యతలో కొంత మీదే అని మేము గట్టిగా నమ్ముతున్నాం.

5. జానపదాల మీద కాపీరైటు దావా వచ్చినప్పుడు, దావా వేసినవారు తమ రికార్డింగునే కాపీ చేశారని చూపించాలి. అది తేలేదాకా పాట ఉన్నచోటే ఉండాలి. పాడినవారికి పంపే నోటీసు భయపెట్టేలా కాక, వాళ్లు ఏం చేయవచ్చో చెప్పేలా రాయండి.

6. వరద, భూకంపం, అగ్నిప్రమాదం, అల్లర్లు జరుగుతున్న రోజుల్లో ఆ ప్రాంతపు గ్రూపులను యంత్రం తనంతట తాను మూసేయకుండా చూడండి. తప్పుడు జాగ్రత్త కనిపిస్తే దాన్ని మాయం చేసి ఊరుకోకుండా, దాని చోట సరైన మాటను, ఆ మాట చెప్పిన సంస్థ పేరుతో సహా పెట్టండి. చూసినవాళ్లు దాన్ని అప్పటికే నమ్మి ఉంటారు గనుక, అది ఎందుకు తప్పో చెప్పకపోతే తొలగించినా ఫలితం ఉండదు.

మాలాగే గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లకు కూడా ఒక విన్నపం. ఈ సంస్థలు మారేదాకా ఎదురుచూడకండి. మీ సభ్యులు పెట్టిన పాటలకు ఒక ప్రతిని, పాడినవారి అనుమతితో, మీ సొంత డిస్కులో ఉంచుకోండి. పాడిన మనిషి, నేర్పిన మనిషి, పాట పాడే సందర్భం పక్కనే రాసిపెట్టండి. ఆ వివరాలు లేని పాట సగం పాటే. జాగ్రత్తల నోట్లను అచ్చు తీసి పంచండి. ఈ పని మేము ముందే చేసి ఉంటే ఆ తల్లి చేతిలో కాగితమైనా ఉండేదన్న బాధ మమ్మల్ని వదలడం లేదు.

చివరిగా, మా గ్రూపును మూసిన సంస్థకు విడిగా ఒక్క మాట. మీరు గ్రూపును తెరవడానికి ఇష్టపడకపోతే ఆ విషయం కారణంతో సహా రాయండి, దానిమీద మేము పైకి వెళ్తాం. కానీ ఆ సంగతి తేలేలోగా రికార్డింగులను చెరపవద్దు. వాటిలో ఏవి ఎవరు పాడారో, ఏవి మరెక్కడా లేవో తేదీలవారీగా రాసిన జాబితా మా నాలుగో విన్నపంతో జతచేశాం, అది ఇప్పటికీ మీ దగ్గరే ఉంది. ఆ జాబితాలోని పాటలను వాటిని పెట్టిన కుటుంబాలకు తిరిగి ఇవ్వండి. ఈ లేఖకు 30 రోజుల్లోగా, మా భాష చదవగలిగిన ఒక మనిషి పేరుతో, రాతపూర్వకమైన జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
గ్రూపును నడిపిన నలుగురు అడ్మిన్లు,
పాటలు పెట్టిన కుటుంబాల తరఫున